నాకొక దెబ్బ వేసుకోండి

డెల్బర్ట్ అన్రూకి ఒకటే జబ్బు. తన తప్పు తనే పట్టుకుని, తనమీద తనే దెబ్బ వేసుకుంటాడు.

గోల్ఫ్ ఆడేవాళ్లకి ఇది కొత్త కాదు. ఆ ఆటలో పక్కన నిలబడి ఈల ఊదేవాడు ఉండడు. పొదల్లో కాలు తగిలి బంతి కదిలితే, చూసినవాడు నువ్వొక్కడివే అయినా, నువ్వే ఒప్పుకుని నీ లెక్కలో ఒక దెబ్బ అదనంగా రాసుకోవాలి. తక్కువ దెబ్బల్లో ముగించినవాడు గెలుస్తాడు కాబట్టి అదే శిక్ష. మైదానంలో ఈ నియమం పాటించేవాళ్లు చాలామందే ఉన్నారు. కాన్సస్ రాజధాని టొపీకాలో, శాసనసభ భవనంలో పాటించినవాడు మాత్రం డెల్బర్ట్ ఒక్కడే.

రాష్ట్రంలోని గోల్ఫ్ మైదానాల తరఫున శాసనసభ్యులకు నచ్చజెప్పడం ఆయన ఉద్యోగం. గోధుమలకీ, గొడ్లకీ, బీరుకీ, లారీలకీ కూడా అక్కడ ఇలాంటి మనుషులున్నారు. నేను పేపరుకి రాసేటప్పుడు వాళ్లు చెప్పిన అంకెల్ని సగానికి తగ్గించుకునేవాణ్ణి. డెల్బర్ట్ చెప్పినవాటిని ఆయనే తగ్గించేసేవాడు కాబట్టి నాకు పని ఉండేది కాదు.

ఒకసారి కమిటీ ముందు నిలబడి, గోల్ఫ్ వల్ల రాష్ట్రంలో ఎన్ని వేలమందికి పని దొరుకుతోందో గంభీరంగా చదివాడు. సభ్యులు తలలూపుతున్నారు. అంతలో చూపుడువేలు పైకెత్తాడు.

"చైర్మన్ గారూ, నాకొక దెబ్బ వేసుకోండి. వేసవిలో గడ్డి కోసే కాలేజీ పిల్లల్ని కూడా అందులో కలిపేశాం. వాళ్లు ఆగస్టులో వెళ్లిపోతారు."

వెనక వరసలో కూర్చున్న మైదానాల యజమానులు కళ్లు మూసుకున్నారు. నా పక్కనున్న బీరు కంపెనీల మనిషి నిట్టూర్చాడు.

"ఈయన మా వృత్తికే ప్రమాదమండీ. ఇది జనానికి అలవాటైతే మేం ఏమైపోవాలి?"

ఏటా మార్చిలో గోల్ఫ్ దినం జరిగేది. గుమ్మటం కింద చలువరాతి మీద పచ్చ తివాచీ పరిచి, చివర గుంట పెట్టేవారు. కోటూ టైలతో సభ్యులు వరసలో నిలబడి బంతిని తోసేవారు. పక్కన బల్లమీద మిరపకారం వేసిన బీన్స్ కూర, దాంతోపాటు దాల్చినచెక్క రొట్టెలు. మా కాన్సస్‌లో ఆ రెండూ కలిపే తింటాం. "రొట్టెలు బ్రహ్మాండం, డెల్బర్ట్" అని ఎవరైనా అంటే ముందు మురిసిపోయి, ఆ వెంటనే వేలెత్తేవాడు.

"నాకొక దెబ్బ. ఇంట్లో చేసినవి కాదు. కొన్నాం."

ఆయన భార్య వెర్నాని అడిగాను, ఇంట్లో కూడా ఇంతేనా అని.

"మా పెళ్లిలోనే మొదలుపెట్టాడయ్యా. జీవితాంతం నీ మాట వింటానని పాస్టరు ముందు ప్రమాణం చేశాడు. పాస్టరు పుస్తకం మూసేలోపే వేలెత్తి, 'చాలావరకు' అన్నాడు."

"మీరేమన్నారు?"

"అబద్ధమాడే మొగుడు కాదు కదా, పోనీలే అనుకున్నా."

యజమానులు ఆయన్ని తీసేయాలని అప్పుడప్పుడూ అనుకునేవారు. తీసేయలేకపోయారు. డెల్బర్ట్ ఒక మాట చెప్పి వేలెత్తకుండా కూర్చున్నాడంటే, ఆ మాటను పరీక్షించాల్సిన పనిలేదని రెండు పార్టీలవాళ్లూ నమ్మేవారు. ఆ భవనంలో గవర్నర్లని చూశాను, గొప్ప వక్తల్ని చూశాను. అలాంటి నమ్మకం మరొకరికి దక్కడం చూడలేదు.

ఒక ఏడాది కరువొచ్చింది. గోల్ఫ్ మైదానాలకు బావినీళ్లు పూర్తిగా ఆపేయాలని చట్టం వస్తోంది. పడమటి జిల్లాల నుంచి కొత్తగా గెలిచిన రోక్సాన్ డ్రైలింగ్ దానికొక సవరణ తెచ్చింది. చిన్న ఊళ్లు సొంతంగా నడుపుకునే తొమ్మిది గుంటల మైదానాలకు, గుంట చుట్టూ ఉండే గుండ్రటి పచ్చిక వరకైనా నీళ్లివ్వాలని. వాళ్ల ఊళ్లో అలాంటిదొకటి ఉంది. బడిపిల్లల జట్టు ఆడేది అక్కడే, అంత్యక్రియల తర్వాత ఊరంతా భోంచేసేది ఆ షెడ్డులోనే. సవరణ ఓడితే జులైకల్లా అక్కడ దుమ్మే మిగులుతుంది.

అది కమిటీ ముందుకొచ్చింది గోల్ఫ్ దినం నాడే. ఆ ఉదయం బీన్స్ కూర గిన్నెలు పట్టుకుని డెల్బర్ట్, రోక్సాన్ మాట్లాడుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను.

"కమిటీలో ఎన్ని నీళ్లు కావాలని అడుగుతారమ్మా. ఈ అంకె నెలకి. ఏడాదికి కాదు. గుర్తుంటుందా?"

"నెలకి. గుర్తుంటుంది" అంది రోక్సాన్.

కమిటీ చైర్మన్ హార్లన్ టిడ్‌వెల్ మొక్కజొన్న రైతు. అనుకున్నట్టే ఎన్ని నీళ్లు కావాలని అడిగాడు. రోక్సాన్ అంకె సరిగ్గానే చెప్పి, "ఏడాదికి" అంది.

టిడ్‌వెల్ కళ్లద్దాలు తీశాడు. "ఏడాదికా? మా ఇంట్లో కూరగాయల మడికి అంతకంటే ఎక్కువ పోస్తానమ్మా. లెక్క తెలియకుండానే మమ్మల్ని చట్టం రాయమంటున్నావా?"

నవ్వులు లేచాయి. రోక్సాన్ ముఖం పాలిపోయింది. సవరణ అక్కడే చచ్చిపోతోందని అందరికీ అర్థమైంది.

డెల్బర్ట్ లేచాడు. వేలెత్తాడు.

"చైర్మన్ గారూ, నాకొక దెబ్బ వేసుకోండి. ఆవిడకి ఏడాది అని చెప్పింది నేను."

"మళ్లీ మొదలెట్టావా" అన్నాడు టిడ్‌వెల్. ఈసారి నవ్వు రోక్సాన్ మీంచి డెల్బర్ట్ మీదికి మళ్లింది. "సరే, అసలు లెక్కేమిటి?"

"అది నెలకండి. ఏడాదికి చూస్తే ఆవిడ చెప్పినదానికి పన్నెండింతలు. మీ చేలో గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే యంత్రం అదంతా ఒక్క పూటలో తాగేస్తుంది."

టిడ్‌వెల్ కాసేపు మనసులో లెక్కవేసుకున్నాడు. డెల్బర్ట్ కూర్చున్నాడు. మళ్లీ వేలెత్తలేదు. సవరణ ఒక్క ఓటుతో నెగ్గింది. ఆ ఓటు టిడ్‌వెల్‌ది.

వసారాలో డెల్బర్ట్‌ని మేమిద్దరం ఆపాం.

"మీరు నెలకనే చెప్పారు కదండీ" అంది రోక్సాన్.

"నేనూ విన్నాను. ఇన్నేళ్లకి ఒక అబద్ధం ఆడావన్నమాట" అన్నాను.

డెల్బర్ట్ టోపీ సర్దుకున్నాడు. "ఆట నియమం తెలుసా మీకు? కొట్టినదానికంటే తక్కువ దెబ్బలు రాసి కార్డు మీద సంతకం పెడితే పోటీ నుంచి పంపేస్తారు. ఎక్కువ రాసి సంతకం పెడితే ఎవరూ ఏమీ అనరు. ఆ ఎక్కువే నీ లెక్కగా నిలబడిపోతుంది."

ఆ వేసవిలో రోక్సాన్ మమ్మల్ని వాళ్ల ఊరు పిలిచింది. మైదానమంతా ఎండి గోధుమరంగుకు తిరిగింది. మధ్యమధ్య తొమ్మిది గుండ్రటి పచ్చికలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. రోక్సాన్ కర్ర పట్టడం అదే మొదలు. మొదటి గుంటలో ఆమె బంతి పడేసరికి మా ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"ఎనిమిది" అన్నాడు డెల్బర్ట్, కార్డు మీద పెన్సిల్ పెట్టి.

"తొమ్మిది వేయండి."

"ఎనిమిదేనమ్మా. నేను చూస్తూనే ఉన్నాను."

"ఆ రోజు టొపీకాలో మీరు నాదొకటి మోశారు. అది నాకు తిరిగి ఇచ్చేయండి."

డెల్బర్ట్ నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన తొమ్మిది వేసి, రెండో గుంట వైపు కొంచెం తొందరగానే నడిచాడు.