ట్రాక్టర్‌కు అడ్డం కూర్చుని గిల్లిన చెంచలాకు

మా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు... ఇంకో వారానికి మా వీధి వెనక ఖాళీ ప్లాట్లన్నీ చెంచలాకే! సన్నటి ఆకులు, గులాబీ రంగు కంకులు... ఎవరూ విత్తింది లేదు, నీళ్లు పోసింది లేదు. ఆడవాళ్లు, పిల్లలం ఒడి నిండా తెచ్చుకునేవాళ్లం. ఆ పూట ఏ ఇంట్లో చూసినా చెంచలాకు పప్పూ సంగటే!

ఆ ఏడు మా పక్కింటి షమీమక్క కాన్పుకని పుట్టింటికి వచ్చింది. పాపం, నెలలు నిండుతున్నా వేవిళ్లు పోలేదు, ఏం తిన్నా వాంతే. మనిషి పుల్లలా అయిపోయింది. వాళ్లమ్మ ఖైరూన్‌బీ ఏం వండినా, మా నాయనమ్మ, అదే మా జేజి, పెరుగన్నం కలిపి పెట్టినా ముద్ద దిగలేదు. అందరికీ ఒకటే బెంగ.

ఒకరోజు పొద్దున్నే ఖైరూన్‌బీ మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! చెంచలాకు పప్పు కావల్లంట! బిడ్డ నోరు తెరిచి అడిగింది!"

ఇంకేముంది! జేజి, ఖైరూన్‌బీ, నేను... ముగ్గురం గంపలు పట్టుకుని ఉరికాం. తీరా చూస్తే... గ్రావెల్ లోడుతో ఒక ట్రాక్టర్ ఆ ప్లాట్లోకి తిరుగుతోంది! నేను అక్కడే ఆగిపోయాను. మా జేజి మాత్రం గబగబా వెళ్లి దాని ముందు, ఆకు మధ్యలో చతికిలబడింది.

"ఏందవ్వా, సావాలని ఉండాదా? లెయ్!" అని డ్రైవర్ అరిచాడు.

"నువ్వు దిగప్పా ముందు! కడుపుతో ఉండే బిడ్డకు ఆకు గిల్లుకుంటాండాం. నీ మట్టి యాడికీ పోదులే!"

"ఆ మాట ముందే చెప్పల్ల గదా!" అంటూ ఇంజన్ ఆపేశాడు. ఆపడమేనా... తలగుడ్డ విప్పి పరిచి, తనూ కూర్చుని ఆకు కోయడం మొదలుపెట్టాడు! నాకు సంబరం ఆగలేదు. ఆత్రం కొద్దీ మొక్కల్ని వేళ్లతో సహా లాగేస్తుంటే జేజి చేతి మీద ఒక్కటేసింది.

"పీకద్దు, గిల్లు!"

"ఎట్లయినా మట్టి పోస్తారు గదా జేజీ?"

"పోస్తే పోయనీ. మనం గిల్లితే మల్లా ఇగురు పెడ్తాది."

డ్రైవర్‌కు నవ్వొచ్చింది. "సరేలేవ్వా... గోడ పక్కన ఇంత జాగా వదిలేస్తా. ఆడ పొయ్యను." అన్నట్టే వదిలాడు, మహానుభావుడు!

ఆ మధ్యాహ్నం షమీమక్క పళ్లెం ముందు కూర్చుంటే మేమంతా గడప దగ్గరే! ఒక ముద్ద... ఇంకో ముద్ద... వాంతి లేదు! "ఇంకొంచెం పెట్టమ్మీ" అంది. ఖైరూన్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనైతే ఎగిరి గంతేశాను!

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. ఖైరూన్‌బీ లేదు, మా జేజీ లేదు. చెంచలాకు అంటే పిల్లలు నా ముఖం చూస్తారు.

కానీ మొన్న వానలకు అటుగా వెళ్తే... అదే గోడ పక్కన, అదే కాస్త జాగాలో చెంచలాకు! వంగి కోస్తున్నది ఎవరనుకున్నారు? ఆనాడు షమీమక్క కడుపులో ఉన్న పిల్లే! పక్కనే తన పాప మొక్క పట్టుకుని లాగబోతే చేతి మీద చిన్నగా తట్టింది.

"పీకద్దు... గిల్లు!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ పక్కన కూర్చుని ఒడి పట్టాను.

మీ వీధిలో ఏ ఆకు మొలిచేదో చెప్పండి... ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే మాత్రం, గిల్లండి. పీకకండి!