మైలం అవతలి కొండ మీద చలి

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం లేదు. పుదుచ్చేరి ఒర్లియంపేటలో మా వీధి ఆడవాళ్ళు పొద్దుగూకాక సముద్రం వైపు పోవాలంటే వణికేవాళ్ళు. మంచి చేపలు ఆ వేళకే ఒడ్డుకు వస్తాయని నేను బుట్ట చంకన పెట్టుకుని ఒక్కదాన్నే పోయేదాన్ని. దారిలో నాకు ఎదురైనవి కుక్కలూ, తాగి పడిపోయిన ఓడ కళాసీలూ మాత్రమే.

ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం సంగతి కాదు. ఇందులో ఎవరూ తెల్లచీర కట్టుకుని కనిపించరు. పట్టపగలు, ఎండ కాస్తుండగా, ఒక చిన్న కొండ మీద జరిగింది ఇది. నేను చూసిందీ, నా ఒంటికి తగిలిందీ మాత్రమే చెబుతాను.

అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. మా ఆయన వరదరాజులు మిల్లులో ఫిట్టరు. పెద్ద యుద్ధానికి మా ఊరినుంచి ఫ్రాన్సుకు సిపాయిలుగా పోయినవాళ్ళలో ఆయన ఒకడు. పెళ్ళయిన కొద్ది నెలలకే ఓడ ఎక్కాడు. అప్పటికి నేను ఆయన ఎదుట నోరు విప్పి మాట్లాడిందే లేదు. తిరిగి వచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ అన్నీ బాగానే ఉన్నాయి. మిల్లులో పని కూడా మళ్ళీ దొరికింది. పోనీలే, గండం గడిచిందనుకున్నాం.

మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చాక తెలిసింది సంగతి. మా ఊళ్ళో చలికాలమంటే ఏముంటుంది? తెల్లవారుజామున కాస్త మంచు కురుస్తుంది, ముసలివాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకుంటారు, అంతే. ఆయన మాత్రం తలుపులన్నీ మూసి, దుప్పట్లు కప్పుకుని, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. పడుకోవడానికి భయం. పళ్ళు టకటక కొట్టుకునేవి. ఒళ్ళు ముట్టుకుంటే మామూలుగానే ఉండేది. ఆ నెలంతా పనికి పోలేదు. మిల్లు మేస్త్రి ఇంటికి వచ్చి, వచ్చే ఏడు కూడా ఇట్లాగే చేస్తే వేరే ఆళ్ళను పెట్టుకుంటామని చెప్పి పోయాడు.

మా అత్త ఆయన్ని మంత్రం వేసేవాళ్ళ దగ్గరికి తిప్పింది. తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు మీద కూడా ఆయన దుప్పటి కప్పుకున్నాడు.

మరుసటి ఏడు దసరా దాటుతుండగా ఒకరోజు ఆయనే అన్నాడు. "నేను కొండెక్కాల. కుళిరు ఉండే కొండ."

కుళిరంటే మా ఇళ్ళలో చలి. అరవం, తెలుగు కలిసిపోయిన ఇళ్ళు మావి.

మా అత్త పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది. "ఏందిరా పెద్దోడా? ఇంట్లోనే వణికి చస్తా ఉండావు, కొండ మీదికి యాడికి పోతావు?"

"ఆడ కొండ మీదనేమ్మా నాకు ఇది పట్టుకునింది. కొండ మీదనే వదిలించుకోవాల" అన్నాడు.

ఒంటరిగా పంపడానికి మా అత్తకు ధైర్యం చాలలేదు. "ఆండాళూ, నువ్వు కూడా పో. చెయ్యి మాత్రం వదలొద్దు" అంది నాతో. అట్లా, జన్మలో మేడమెట్లు తప్ప ఏమీ ఎక్కని నేను కొండలెక్కడం మొదలుపెట్టాను.

మొదట ఊరికి పడమటగా ఉండే ఎర్రమట్టి మెట్ట మీదికి తీసుకుపోయాడు. దాన్ని కొండ అనడానికి నోరు రాదు, కానీ సగం దూరానికే నాకు ఆయాసం వచ్చింది. గబగబా ఎక్కేస్తే త్వరగా అయిపోతుందనుకున్నాను. ఆయన ఆపాడు.

"చెమట పట్టనీయొద్దు. మాట్లాడతా నడవగలిగినంత నిదానంగా నడువు. చెమట పడితే తర్వాత అదే గడ్డకడతాది."

నాకు నవ్వొచ్చింది. మెట్ట కింద తాటిముంజలు అమ్మే ఊరు మాది, ఇక్కడ చెమట గడ్డకట్టడమేంటి? కానీ ఆయన ముఖం చూసి నవ్వు మింగాను. ఆయన అన్నీ అట్లాగే నేర్పేవాడు. ఆకలి వేయకముందే తినాలి. దాహం కాకముందే తాగాలి. ఆయాసం వస్తే నిలబడి తీర్చుకోవాలి గానీ కూర్చోకూడదు. కాలివేళ్ళు ఆడిస్తూ ఉండాలి. ఒకరోజు మాత్రం, నా వైపు చూడకుండా, "కొండ మీద నిద్ర వస్తే అది నిద్ర కాదు" అన్నాడు.

మెట్ట అలవాటయ్యాక మైలం వైపు పోవడం మొదలుపెట్టాం. ఆ పక్క ఒక పల్లెలో మా అత్త చెల్లెలు, నాకు పిన్నత్త, ఉండేది, సేద్యం చేసుకునే ఇల్లు. శనివారం మధ్యాహ్నం రైలెక్కి, విల్లుపురంలో మారి, మైలం స్టేషన్లో దిగి, ఎద్దుబండిలో ఆ పల్లె చేరేవాళ్ళం. దారిలో ఫ్రెంచి ఎల్ల దాటేచోట ఇంగ్లీషువాళ్ళ సుంకం జవాన్లు మా మూట విప్పి, ఆయన సిపాయి ఉన్నికోటు చూసి పగలబడి నవ్వేవాళ్ళు. ఆదివారం పొద్దున్నే కొండెక్కి, పొద్దెక్కేసరికి దిగి, తిరుగు రైలు పట్టుకునేవాళ్ళం.

ఆ పల్లె చుట్టూ గుండ్లు పేర్చినట్టుండే చిన్న చిన్న రాతికొండలు. నిజం చెప్పాలంటే నాకు అవి చాలా నచ్చాయి. తెల్లవారుజామున రాయి చల్లగా, పాదం కింద గరుకుగా ఉండేది. పైకి పోయేకొద్దీ కింద చెరువులూ, వరిమళ్ళూ పొగమంచులోంచి ఒక్కొక్కటే బయటపడేవి. వీధిలో మొగుడి వెనక పది అడుగుల దూరంలో నడిచే నేను అక్కడ పక్కపక్కనే నడిచాను. ఆయన కూడా అక్కడైతే మాట్లాడేవాడు. ఎక్కువగా ఫ్రాన్సులో తిన్న రొట్టె గురించి, గాడిదల గురించి. ఆ దేశంలో తనకు చలి పట్టుకున్న కొండ గురించి మాత్రం కాదు.

మార్గళి వచ్చింది. ఆయన పనికి పోతూనే ఉన్నాడు. రాత్రిళ్ళు కూర్చునే ఉన్నా, పొద్దున లేచి మిల్లు కూతకు బయలుదేరేవాడు. మా అత్త నన్ను చూసి ఊపిరి పీల్చుకునేది.

ఆ ఆదివారం మేం ఎక్కింది అంతకుముందు ఒకసారి ఎక్కిన కొండే. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆయన తన ఉన్ని మేజోళ్ళు ఒక జత నాకిచ్చాడు. ఎండ చురుక్కుమంటోంది, నాకెందుకని మూటలో పెట్టేశాను. ఆయన తనవి తొడుక్కుని బూట్లు వేసుకున్నాడు. నేను ఉత్త కాళ్ళతోనే. సగం దారిలో మేకలు మేపుకుంటున్న ఒక ముసలామె ఎదురైంది. ఎప్పుడూ కనపడే మనిషే. పలకరించి ముందుకు పోయాం.

పైన ఒక పగిలిన గోడ ఉంది. ఏ కాలపుదో, కోటదంటారు. దాని ముందు రెండు బండల మధ్య సందు. ఆ సందు దాటగానే చలి తగిలింది.

గాలి కాదు. గాలి అసలు లేదు. నీళ్ళలోకి దిగినట్టు, మోకాళ్ళదాకా, నడుందాకా ఎక్కింది. చుట్టూ తెల్లగా అయిపోయింది. పొగమంచు నేను చాలా చూశాను, అది తడిగా ఉంటుంది. ఇది పొడిగా ఉంది. నా నోట్లోంచి పొగ వస్తోంది. చుట్ట తాగేవాళ్ళకు తప్ప మనిషి నోట్లోంచి పొగ రావడం నేనెప్పుడూ చూడలేదు. భయం కంటే ముందు నాకు వింతగా అనిపించింది. మళ్ళీ మళ్ళీ ఊది చూసుకున్నాను కూడా.

తిరిగి చూస్తే ఆయన కూర్చుని ఉన్నాడు.

గోడకు వీపు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, హాయిగా. వణకడం లేదు. అన్నాళ్ళూ మా ఇంట్లో వణికిన మనిషి, నిజంగా చలి వేసినప్పుడు వణకడం లేదు. కళ్ళు సగం మూశాడు. ముఖం తెల్లబడింది. "కొంచేపు పండుకుంటా" అన్నాడు, ఎంతో మెత్తగా.

అప్పుడు నాకు ఆయన నేర్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చేతులు పట్టుకుని లాగాను. కదల్లేదు. ఆయన అరచేతులు నా చంకల్లో పెట్టుకున్నాను, ఇనుప చువ్వలు పెట్టుకున్నట్టుంది. చెంప మీద కొట్టాను. కట్టుకున్నవాణ్ణి కొట్టడం అదే మొదలు. ఏం చేసినా కళ్ళు తెరవడం లేదు.

ఇక నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, భయం రావలసిన చోట కోపం వచ్చింది. మా ఇళ్ళలో ఆడది మొగుడి పేరు పలకదు. నేను గొంతు చించుకుని అరిచాను.

"వరదా! లెయ్యి! ఇది పండుకునే తావా? ఆడ గంజి చల్లారిపోతా ఉండాది!"

గంజి మాట ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. నోటికి వచ్చింది, అనేశాను.

ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను చూసి, ఎవరో తెలియనట్టు చూసి, లేచాడు. నడుం పట్టుకుని ఈడ్చుకుంటూ ఆ బండల సందు దాటించాను. అవతల అడుగు పెట్టగానే ఎండ. చల్లటి గదిలోంచి వాకిట్లోకి వచ్చినట్టు. ఒళ్ళంతా ఒక్కసారిగా చెమట పట్టింది. వెనక్కి చూస్తే గోడ మామూలుగా ఉంది. మీద తొండ ఒకటి తల ఆడిస్తోంది.

మేకల ముసలామె కిందే ఉంది. పైన మంచు కమ్మిందా అని అడిగాను. "మంచా? యాడమ్మా? ఇందాకటినుంచి ఆ గోడనే చూస్తా ఉండా, నా మేక ఒకటి ఆ పక్కకే పోయింది" అంది. ఆమె ముందే దాహానికి మేం వెంట తెచ్చుకున్న చెంబు వంచాను. అడుగున మిగిలిన నీళ్ళు రాలేదు. చెంబు తట్టితే అరచేతిలో పలచటి బిళ్ళ ఒకటి పడింది. తెల్లవాళ్ళ క్లబ్బుకు రంపపుపొట్టులో చుట్టి తీసుకుపోయే ఐసు నేను చూశాను, అదే. ముసలామె వేలితో ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. మేం చూస్తుండగానే కరిగిపోయింది.

పిన్నత్త ఇంటికి చేరేసరికి నా కుడికాలి వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. గిచ్చినా తెలియలేదు. ఆయన నా పాదం ఒళ్ళో పెట్టుకుని తన పొట్టకు ఆనించుకున్నాడు. "నొప్పి రావాల. నొప్పి వస్తే బతికినట్టు" అన్నాడు. వచ్చింది. పెద్దగా ఏడ్చాను.

రైలులో ఆయన నా కాలికి తన ఉన్నికోటు చుట్టాడు. తర్వాత అడిగాడు. "పైన నన్ను ఏమని పిలిచినావు?"

పేరు పెట్టి పిలిచానని కోపమేమో అనుకున్నాను. తప్పు కాయమన్నాను.

"అది కాదు. ఏమన్నావో ఆ మాట చెప్పు."

చెప్పాను. ఆయన ముఖం అప్పుడు ఎట్లా ఉందో రాయడం నా వల్ల కాదు. ఫ్రాన్సు కొండ మీద మంచులో దారితప్పి, ఆయనా ఇంకో ముగ్గురూ ఒక గోడ చాటున కూర్చున్నారట. అందరికీ నిద్ర ముంచుకొచ్చింది. ఎవరో ఆడమనిషి తెలుగులో అరిచింది. ఆయన లేచాడు. మిగతావాళ్ళను లేపాలని చూశాడు గానీ వాళ్ళు లేవలేదు.

"ఆ మాటే, ఆండాళూ. గంజి చల్లారిపోతా ఉండాదని. ఈ గొంతే."

నేను నమ్మలేదు. చలికి మనిషి మెదడు అటూ ఇటూ అయ్యుంటుంది, ఇప్పుడు విన్నది అప్పుడు విన్నట్టు తోస్తోంది అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుని ఊరుకునేదాన్ని, మా అత్త లేకపోతే.

ఇంటికి పోయాక, ఆయన స్నానానికి పోయినప్పుడు, ఆమెకు జరిగిందంతా చెప్పాను. గంజి మాట దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఓడ దిగి వచ్చిన రోజే వాడు నన్ను అడిగినాడే. అమ్మా, వరదా లెయ్యి, గంజి చల్లారిపోతా ఉండాదని నన్ను పిలిచింది నువ్వేనా అని. నేనే అని చెప్పినా. బిడ్డ అట్లా అడిగితే ఏ తల్లి కాదంటాది? కానీ నేను యానాడు వాణ్ణి వరదా అని పిలిచినా? పెద్దోడా అనే కదా. మనం తాగేది కూడా చల్లారిన గంజే."

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదట. నాతో కూడా.

కాలికి బొబ్బలెక్కితే ఆసుపత్రికి పోయాను. తెల్ల డాక్టరు పాదం తిప్పి తిప్పి చూసి ఫ్రెంచిలో ఏదో అడిగాడు. మా ఆయన తెలుగులో చెప్పాడు. "ఏ దేశం కొండలకి పోయింది అని అడుగుతా ఉండాడు." మైలం అవతల అని చెబితే డాక్టరు నవ్వాడు. మళ్ళీ పాదం చూసి నవ్వు ఆపాడు. కాలిన గాయమని రాసుకుని మందిచ్చాడు.

అంతా ఊహే అని నన్ను నేను ఒప్పించుకోవాలని చాలాసార్లు చూశాను. కానీ మేజోళ్ళు తొడుక్కున్న ఆయన కాళ్ళకు ఏమీ కాలేదు, ఉత్త కాళ్ళతో పోయిన నాకు బొబ్బలొచ్చాయి. ఊహకు మేజోళ్ళతో పనేముంది?

ఆ తర్వాత ఆయన రాత్రిళ్ళు పడుకున్నాడు. మిల్లు పని పోలేదు. మేం ఆ కొండకు మళ్ళీ పోయాం, ఒకసారి కాదు, చాలా చలికాలాలు. నేను ఇప్పుడు ఆయాసం లేకుండా ఎక్కుతాను. ఆ బండల సందులో నిలబడి చెయ్యి చాపి చూస్తాను. వెచ్చటి రాయి, మేకపెంటికలు, ఎండ.

ఆయన దీని గురించి ఆలోచించడు. "పిలిచినావు, వచ్చినా" అంటాడు, అంతే. ఆయనకు అది చాలు. నాకు చాలదు. నేను సముద్రం దాటలేదు. ఆయన ఫ్రాన్సులో ఉన్న రోజుల్లో ఆయన పేరు మనసులో అనుకోవడానికే సిగ్గుపడిన పిల్లని. ఆ మాట నేను నా జన్మలో ఒక్కసారే అరిచాను, అది కూడా మైలం అవతలి కొండ మీద. ఆయన దాన్ని రెండుసార్లు ఎట్లా విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.