జానయ్య యాడున్నడో

సైదమ్మ బాప్తిస్మం తీసుకున్న రోజు ఆమె చెప్పులు పట్టుకుని కాలువ గట్టు మీద నిలబడ్డది ఆమె మొగుడు జానయ్యే. సాగర్ ఎడమ కాలువ మీద తూములెత్తి దించే లష్కర్ పని ఆయనది. దేవుడంటే ఆయనకు జాన్‌పహాడ్ దర్గా సైదులే. ఏటా ఉర్సుకు పోయి యాటను కోసి కందూరు విందు చేసేటోడు. ఆదివారం మాత్రం టీవీఎస్ మీద సైదమ్మను నందికొండ చర్చి దాక తెచ్చి, గోడ పక్కన బీడీ కాల్చుకుంట కూసునేటోడు. లోపలికి రమ్మంటే, "మీ పాస్టరు అయ్యగారు శానాసేపు చెప్తడే, నాకు నడుం నొస్తది" అని నవ్వేటోడు.

రెండువేల పంతొమ్మిదిల, ఎండకాలం మొదట్ల, జానయ్య తూము కాడికి పోతా పోతా గుండె పట్టుకుని కూలబడ్డడు. దవాఖానకు చేరేసరికే అయిపోయింది.

అన్నదమ్ములు ఆయనను సొంతూరికి తీసుకపోయి, డప్పులతోని వాళ్ల పద్ధతిలనే మట్టి చేసినరు. దినాల నాడు తుడిచేందుకు సైదమ్మ నుదుట బొట్టే లేదు. బాప్తిస్మమప్పుడే మానేసింది. పెద్దాడిబిడ్డ కాసేపు చూసి, కుంకుమ తెచ్చి ఆమెకు పెట్టి, మళ్లీ తన చేత్తోనే తుడిచేసింది. సైదమ్మ వద్దనలేదు, ఏడ్వలేదు. ఎవరో వేరే మనిషికి జరుగుతున్నట్టు చూసింది.

తర్వాత పాస్టరు ఇంటికొచ్చి ప్రార్థన చేసిండు. చర్చోళ్లల్ల ఎవరు చనిపోయినా, పరలోకంల మళ్లీ కలుసుకుంటమని ఆ ఇంటోళ్లకు తప్పక చెప్పేటోడు. ఆ ఒక్క మాటకే ఎందరో కండ్లు తుడుచుకునేటోళ్లు. ఈసారి, "ప్రభువు నీకు బలమిస్తడమ్మా" అని లేచిండు. చర్చి నుంచి వచ్చినోళ్లు ఇంకెవ్వరూ ఆ మాట అనలేదు. జానయ్య బాప్తిస్మం లేకుండ పోయిండు. సైదమ్మకు అర్థమైంది.

అయినా చర్చి మానలేదు. ఆటోల పోయేది. పాటలప్పుడు నోరు కదిలేది, లోపలేం కదలకపోయేది. తిన్నదో లేదో యాదికుండకపోయేది. "ఎంత విశ్వాసమో, ఒక్క కన్నీటి చుక్క రాలే" అని తోటోళ్లు మెచ్చుకున్నరు. ఆమె కాదనలేదు.

ఒకనాడు పాస్టరు భార్య కరుణ వచ్చేసరికి సైదమ్మ చింతపండు గింజలు తీస్తాంది. కరుణ కూడ పక్కన కూసుని చెయ్యి కలిపింది.

"అమ్మగారూ, ఒకటడుగుత. జానయ్య యాడున్నడు?"

కరుణ చేతులు ఆగినయి. "నాకు తెల్వదక్కా."

"అయ్యగారికి?"

"ఆయనకూ తెల్వదు. నీకు ఆ మాట చెప్పలేకపోయిన్నని ఆనాడు ఇంటికొచ్చి అన్నం కూడ ముట్టలే."

"చెప్తే ఏమైతుండె?"

"అబద్ధమైతదేమోనని భయపడ్డడు."

సైదమ్మ ఇంకో నాలుగు గింజలు తీసింది. "ఆయన లేని కాడికి నేను పోయి ఏం జేయాలె?" అన్నది. గొంతుల కోపం లేదు, ఏడుపు లేదు.

కరుణ ఇంకో పిడికెడు ముందరికి లాక్కున్నది. చింతపండు అయిపోయేదాక ఉండి, చేతులు కడుక్కుని పోయింది.

ఇప్పుడు సైదమ్మ ఊరి బడిల పిల్లలకు అన్నం వండుతది. ఆదివారం ప్రార్థనల రోగమొచ్చినోళ్ల పేర్లు, కష్టంల ఉన్నోళ్ల పేర్లు చెప్తది. ఆ పేర్ల నడుమ జానయ్య పేరు కూడ చెప్తది. పోయినోళ్ల కోసం ప్రార్థన చేసుడు మన పద్ధతి కాదని సంఘ పెద్ద ఒకరు మెల్లగ చెప్పిండు. "సరే" అన్నది. మళ్లీ ఆదివారం కూడ ఆ పేరు చెప్పింది. ఎవరూ ఏమనలేదు.