నీళ్లు ఎర్రగ వస్తయ్

2019లో నేను మా ఊరి ఆరోగ్య సబ్ సెంటర్‌లో ఆయాను. రాయికల్‌కు దగ్గరే మా ఊరు. పొద్దున్నే తాళం తీసి, ఊడ్చి, సిస్టర్ వచ్చేసరికి చాయ పెట్టేదాన్ని. సిస్టర్ అంటే మా నర్సు సుశీలమ్మ. ఆ తర్వాత ఆమె బదిలీ మీద వెళ్లిపోయింది, సెంటర్‌కు కొత్త రంగు పడింది. నాకు మాత్రం ఆ పాత గడప, దాని మీద కూర్చుని ఇద్దరం ఒక్క గిన్నెలో తిన్న మక్కజొన్న గుడాలే గుర్తొస్తాయి.

ఆ వానాకాలం గంగాధర్ దుబాయి నుంచి దగ్గుకుంటూ వచ్చాడు. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. మాత్రలు సర్కారే ఉచితంగా ఇస్తుంది. రోజూ మా కళ్ల ముందు మింగాలి. దాన్నే డాట్స్ అంటారు. ఆరు నెలలు ఆపకూడదు. ఆపితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఆయన ఇదే జబ్బుకు ఇవే మాత్రలు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఎందుకో చెప్పలేదు. ఏడాది తిరగకముందే పోయాడు.

మొదటిరోజు గంగాధర్ పక్కన తల్లి లచ్చవ్వ కూర్చుంది. ఆ మాత్రల్లో ఒక మందుకు మూత్రం ఎర్రగా వస్తుంది, హాని ఏమీ లేదు. కానీ ఎదిగిన మగవాడితో, తల్లి ఎదుట, ఆ మాట ఎట్లా అనాలి? సిస్టర్ సిగ్గుపడి, “నీళ్లు ఎర్రగ వస్తయ్, భయపడకు” అంది. అతను మాత్రలు మింగి, తల ఊపి వెళ్లిపోయాడు.

మరునాడు రాలేదు. ఆ మరునాడు నేనే వాళ్లింటికి పోయాను. గంగాధర్ మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. లచ్చవ్వ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

“పైసల్లేని ఫుకట్ మందు గిట్లనే ఉంటది. నా కొడుకు నెత్తురంతా కరిగి పోతున్నది.”

“సిస్టర్ ముందే చెప్పింది గదా అక్కా.”

గంగాధర్ లేచి కూర్చున్నాడు. “నీళ్లన్నది చిన్నమ్మా. తాగే నల్లా నీళ్లనుకున్న. కాచి, వడగట్టుకొని తాగుతున్న.”

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఎంత చెప్పినా మేం తప్పు కప్పిపుచ్చుకుంటున్నామనే అనుకున్నారు. జగిత్యాలలో పెద్ద ప్రైవేటు డాక్టర్ దగ్గరికి పోతామన్నారు. ఆ మధ్యలో మందు ఆగిపోతుందనే నా భయం. మా ఆయన దగ్గు చెవుల్లో వినిపించింది.

కొన్నాళ్లకు గంగాధర్ మెడికల్ షాపు కవర్ పట్టుకుని సెంటర్ గడపలో నిలబడ్డాడు.

“గీ మందుకు గూడ ఎర్రగనే అచ్చింది చిన్నమ్మా.”

“గది పైసలు పెట్టిన ఎరుపురా. మాది ఫుకట్ ఎరుపు.”

సిస్టర్ మొహం తిప్పుకుని నవ్వింది. గంగాధర్ కూడా నవ్వాడు, దగ్గు తెర వచ్చేదాకా. ఆ డాక్టరు కూడా, గివే మాత్రలు మీ ఊర్లనే ఇస్తరు, అక్కడనే మింగు అని పంపాడట. ఇంకా కొంచెం బెదురు మిగిలే ఉంది. నేను దగ్గరికి పోయి, “ఎర్రగ వస్తే మందు ఒంట్లకు పోయినట్టురా. ఏనాడన్న రాకపోతే నాకు చెప్పు” అన్నాను.

ఇక రోజూ గేటు దగ్గరి నుంచే, “చిన్నమ్మా, ఎర్రగనే” అని కేకేసి లోపలికి వచ్చేవాడు. వరుసలో కూర్చున్న బాలింతలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆరు నెలలు నిండాయి, పరీక్షలో జబ్బు లేదన్నారు. తర్వాత ఒక పొద్దున బెదురు మొహంతో మళ్లీ వచ్చాడు.

“చిన్నమ్మా, తెల్లగస్తుంది.”

ఇప్పుడు అతను ఆటో నడుపుతున్నాడు. నన్ను చూస్తే ఆపి ఎక్కించుకుంటాడు. నేను సెంటర్‌లో ఉన్నన్నాళ్లూ, కొత్తవాళ్లు మాత్రలకు వస్తే సిస్టర్ కంటే ముందు నేనే చెప్పేదాన్ని. తల్లి ఉన్నా, అత్త ఉన్నా, “ఉచ్చ ఎర్రగస్తది” అని గట్టిగా.

మా ఆయనకూ ఎర్రగా వచ్చే ఉంటుంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు.