చిలుములో కరెంటు

కావలిలో ఒక కాలేజీలో నేను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. అది తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను.

ఇందుకూరుపేట రొయ్యల గుంటల మీద నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ మోటార్లు బాగుచేస్తూనే నా జుట్టు నెరిసింది. సముద్రపు గాలికి రాగి తీగల చివర్లు ఊరికే చిలుమెక్కుతాయి. ఉప్పుకాగితంతో గీకి, లోపలి ఎరుపు తేలాకే బిగించాలి. బద్ధకించామా, మోటారు కాలుతుంది, రొయ్యలు గాలాడక చచ్చి పైకి తేలతాయి. నేను బడికి పోయింది తక్కువ. కరెంటు గురించి తెలిసిందంతా పాత పుస్తకాలూ ఆ చిలుమూ నేర్పినవే.

ఆ కాలేజీలో సైన్సు ఉపన్యాసం ఉంది, ఎవరైనా రావచ్చు అంటే బస్సెక్కాను. ఫిజిక్సు మాస్టారు తెర మీద నల్లటి పలుచని పొర బొమ్మ చూపించి, ఇది రాగి ఆక్సైడు, బాగా చల్లబరిస్తే దీంట్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది అన్నారు. జీవితమంతా నేను గీకి పారేసింది అదే కదా?

మైకు నా దాకా రాగానే లేచి, జేబులోని చిలుము తీగ ముక్క పైకెత్తాను.

"సార్, ఇది కరెంటును ఆపుతాది. మీది ఎట్టా పోనిస్తాది? ఎందుకని?"

"పెద్దాయనా, అది మీకు అర్థం కాదులే. కూర్చోండి."

హాలంతా నవ్వింది. ఆయనే దిగొచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నారు.

ఇంటికొచ్చి ఆ ముక్కను చేపల ఐసులో పూడ్చి మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. మా ఆవిడ తొంగిచూసి, "చేపలు దొరకలేదని తీగలు తెచ్చినావా? పులుసు పెట్టమంటావా?" అంది.

అయినా ఆ 'ఎందుకు' నన్ను వదల్లేదు. కావలి పోయినప్పుడల్లా కాలేజీ గేటు దగ్గర ఆగేవాడిని. సార్ క్లాసులో ఉన్నారనే చెప్పేవాళ్లు. చివరికి మొన్న బస్టాండు టీకొట్టులో ఆయన ఒంటరిగా దొరికారు. తీగ ముక్క ఆయన గ్లాసు పక్కన పెట్టాను. గుర్తుపట్టారు. దాన్ని వేళ్ల మధ్య తిప్పి, అన్నారు:

"మీ చిలుము వేరు, మా పొర వేరు పెద్దాయనా. దాంట్లో రాగీ ఆక్సిజనూ వరసగా పరుచుకోనుంటాయి, నడుమ వేరే లోహాలుంటాయి. ఆక్సిజన్ పాళ్లు తప్పితే అదీ మీ చిలుము మాదిరే కరెంటును ఆపేస్తాది. పాళ్లు కుదిరి, చల్లబడితే ఎలక్ట్రాన్లు జతకట్టి పారతాయి. ఆ జత కట్టించేది ఏందో ఇంకా తేలలేదు. తలా ఒకటి చెప్తన్నారు. నాకూ తెలీదు. అంతమంది పిల్లోళ్ల ముందర ఆ మాట నోటికి రాక, మైకు లాక్కున్నా."