నాన్న వంతు స్తోత్రం

మా చిన్నతనంలో... ఓ ముసురు పట్టిన పొద్దున, నలుగురు మనుషులు ఎవరినో నులక మంచం మీద మోసుకుంటూ రోడ్డు వైపు పరిగెత్తడం బడి కిటికీలోంచి చూశాను. ఎవరో పాపం అనుకున్నాను. గళ్ళ లుంగీ చూశాక తెలిసింది... మా నాన్న.

అంబాజీపేట పక్కన మా ఊరు. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. వానకి నానిన చెట్టు మీద కాలు జారింది. తొడ ఎముక విరిగింది. అమలాపురం ఆసుపత్రిలో ఇరవై రోజులుండి, తుంటి నుంచి పాదం దాకా పిండికట్టుతో ఇంటికొచ్చాడు.

"ఇంక చెట్టెక్కే పని మర్చిపోవయ్యా" అన్నారు డాక్టరుగారు. ఆ రోజు నుంచి నాన్న మాటలు తగ్గిపోయాయి. మొహం గోడ వైపు తిప్పుకుని పడుకునేవాడు.

మా ఇంట్లో పొద్దుగూకగానే, అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన. పాట, వాక్యం అయ్యాక ఆ రోజుకి ఒక్కొక్కరు ఒక్కో సంగతి తలుచుకుని దేవుడికి స్తోత్రం చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఐదు. వాడు రోజూ కోడిపిల్లల గురించే చెప్పేవాడు.

"నిన్న చెప్పిందే ఈయాలా చెప్తే ఎలారా?" అనేది అమ్మ.

"నిన్న ఐదే కదమ్మా... ఈయాల ఆరోది కూడా వచ్చింది!"

నాన్న ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి సాయంత్రం, ఆయన వంతు వచ్చేసరికి...

"నన్నొదిలెయ్. చెట్టు మీంచి పడ్డోడు ఏం చెప్తాడు స్తోత్రం?"

అమ్మ వాదించలేదు. "ఆయ్... పోన్లెండి. మీ వంతు నేను చెప్తాను" అంది.

అప్పట్నుంచి రోజూ అమ్మవి రెండు స్తోత్రాలు. ఒకటి తనది, ఒకటి నాన్నది. "ఈయాల ఆయన బొటనవేలు కదిపేరు ప్రభువా..." "ఈయాల అడిగి మరీ చారు పోయించుకున్నారు తండ్రీ..." నాన్న కళ్ళు మూసుకుని ఉండేవాడు. వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. "నాన్నే వద్దంటుంటే నీకెందుకమ్మా?" అని అడిగేశాను ఒకరోజు.

"ఆయనకి నోరు రావట్లేదే బుజ్జమ్మా. వచ్చేదాకా ఎవరో ఒకరు చెప్పాలి కదా" అంది.

నాన్న మంచాన పడ్డాక అమ్మ కొబ్బరి పీచు మిల్లులో పనికి కుదిరింది. సాయంత్రం వచ్చేసరికి జుట్టు నిండా పీచు ధూళి... ఒకటే దగ్గు. అన్నం వండటం నా పని అయ్యింది.

ఓ రోజు పొద్దుట్నుంచీ ఎడతెరిపి లేని వాన. తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం. డబ్బా అడుగున మిగిలిన బియ్యమంతా ఎసట్లో పోశాను. గంజి వారుస్తుంటే మసిగుడ్డ జారింది. గిన్నె ఒరిగి... మరిగే గంజితో సహా అన్నమంతా మట్టినేల మీద పడిపోయింది.

"బుజ్జమ్మా!" అని అరిచాడు నాన్న. లేవబోయాడు. లేవలేక, మంచం పట్టె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను గోడకి అతుక్కుపోయి ఏడుస్తున్నాను.

కాసేపటికి అమ్మ తడిసి ముద్దయి వచ్చింది. ముసురు తగ్గేదాకా మిల్లు మూసేస్తారట... పీచు ఆరడం లేదని. ఆ కబురు చెబుతూనే నేల వైపు చూసింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంతా ఎత్తి, అలికి, చాప పరిచింది.

పాట అయ్యింది. వాక్యం అయ్యింది. "ప్రభువా..." అని ఆగిపోయింది అమ్మ. మళ్ళీ "ప్రభువా..." అంది. అంతే. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఆసుపత్రిలో కూడా అమ్మ ఏడవడం నేను చూడలేదు. నాకు భయమేసింది.

అప్పుడు మంచం మీంచి వినిపించింది నాన్న గొంతు.

"కరుణా... ఈయాల నీ వంతు నేను చెప్తానే."

మొహం మా వైపు తిప్పాడు. చూరు మీంచి వాన కారుతూనే ఉంది.

"ప్రభువా... ఆ గంజి నా బిడ్డ కాళ్ళ మీద పడాల్సింది. నేను చూస్తానే ఉన్నాను, లేవలేకపోయేను. నువ్వే లాగేవో, అదే పక్కకి గెంతిందో నాకు తెలీదు. పిల్ల కాళ్ళు బాగున్నాయి. స్తోత్రం." అమ్మ వైపు చూసి, "మా ఇంటిదాని చేతులు కూడా చూడు తండ్రీ. పీచు కోసేసింది. నేను చూళ్ళేదనుకుంటంది."

అమ్మ కొంగు తీసింది. "చూసేరా మీరు?"

"మంచాన పడ్డాను గానీ కళ్ళు పోలేదు కదే" అన్నాడు నాన్న. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత నాన్నే అడిగి కొబ్బరికాయ, కోరాము తెప్పించుకున్నాడు. అమ్మ ఆయన వీపు వెనక దిండ్లు సర్దితే, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కొబ్బరి కోరాడు. ఇంట్లో మిగిలిన కాసిని అటుకుల్లో ఆ కొబ్బరి, బెల్లం కలిపి తిన్నాం. పడ్డాక ఆయన తన చేతులతో చేసిన మొదటి పని అదే.

ఒక్క రోజులో కష్టాలేమీ తీరిపోలేదండీ. తమ్ముడి జ్వరం తగ్గడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. కట్టు విప్పాక నాన్నకి కుంటు ఉండిపోయింది. మళ్ళీ చెట్టెక్కలేదు. కానీ కాయని వేలితో కొట్టి, చప్పుడు విని లోపల ఎలా ఉందో చెప్పేవాడు. దాంతో అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో కాయలు ఏరే పని దొరికింది. కూర్చుని చేసే పని. ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు వెళ్తాడు. మానమంటే వినడు.

ఇప్పుడు మాకు డాబా ఇల్లు. తమ్ముడు ఖతర్‌లో... ఆదివారం ఫోన్ చేసి ప్రార్థనలో కలుస్తాడు. మిగతా రోజుల్లో ఎవరు ఎప్పుడొస్తే అప్పుడే అన్నం, చేతిలో ఫోను. దేనికీ కొరత లేదు, దేవుడి దయ. మోకాలికి మోకాలు తగిలేలా ఇరుక్కుని కూర్చున్న ఆ సాయంత్రాలే లేవు...

మీ ఇంట్లో ఎవరైనా నోరు పెగలక ఊరుకుంటే, వాళ్ళ తరఫున మాట్లాడిన మనిషి ఎవరండీ? ఆ పేరొకటి కింద రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.