అత్తగారెక్కని విమానం

మా కల్నల్‌గారు అత్తగారితో ఎక్కించి చూడకుండా విమానం కొనరు. కుర్చీ కాదు, మంచం కాదు, విమానం! కొండ మీది శిబిరాలకి సరుకులు చేరేసి, జబ్బుపడ్డ సిపాయిల్ని దింపుకొచ్చే బుల్లి విమానాలు. బెత్తెడు నేల దొరికితే చాలు, లేచిపోవాలి. వాటిని ఎంపిక చేసే కమిటీకి ఆయన పెద్ద, నేను గుమాస్తాని. ఆయనకి మేం చాటున పెట్టుకున్న పేరు మెట్ల కల్నల్.

మొదటి కంపెనీవాడు టై సర్దుకుని చెప్పాడు: "సార్, ఆటస్థలమంత చోటు చాలు, మా విమానం లేస్తుంది!"

"అది లేస్తుందయ్యా. మా అత్తగారు లేవొద్దూ?"

కారు తలుపు తెరుచుకుంది. ఆవిడ మూలుగుతూ దిగి, మెట్టు మీద కాలు పెట్టి, వెంటనే తీసేశారు. "ఇవి మెట్లా, అటక నిచ్చెనా? చేసినవాడికి మోకాళ్లున్నాయా?"

"విన్నావుగా, తీసుకుపో!"

రెండోవాడి మెట్లు బాగానే ఉన్నాయి. ఆవిడ సగం దాకా ఎక్కి ఆగిపోయారు. "పట్టుకోడానికేదీ? నీ టై పట్టుకోనా?"

వాడు రెండు చేతులా టై దాచుకున్నాడు. అదీ వెనక్కి పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వానలు మొదలైతే కొండదారి తెగిపోతుంది, పైనున్నవాళ్లు పైనే చిక్కుబడతారు. ఈయన ఇంజను చూడడు, రెక్క చూడడు, మోకాళ్లు చూస్తాడు! ఆఫీసులో మొహం మీదే అడిగేశాను.

"సార్, మనం కొంటున్నది సైన్యానికా, మీ అత్తగారి షికారుకా?"

ఆయన బల్ల గుద్దారు. టీ కప్పు ఎగిరింది.

"షికారా? స్ట్రెచర్లు కదల్లేనివాళ్లకి పోతాయి. మిగతావాళ్లు కుంటుకుంటూ ఎక్కాల్సిందేగా! కాలు వాచినవాణ్ణి ఆ నిచ్చెన ఎక్కమను. పళ్లు బిగించి ఎక్కుతాడు. నొప్పా అంటే 'లేదు సార్' అంటాడు. లోపలికెళ్లి కళ్లు తిరిగి పడతాడు! వాళ్లచేత నిజం చెప్పించడం నా వల్ల కాదు. మా అత్తగారికి చీమ కుట్టినా వీధంతా తెలుస్తుంది. అంత నిజాయితీ గల మోకాలు సైన్యం మొత్తంలో లేదయ్యా!"

మూలన కూర్చున్న అత్తగారు తలెత్తారు. "అల్లుడూ, ఇది పొగడ్తా, తిట్టా?"

నేను కప్పు తుడవడంలో మునిగిపోయాను.

మూడో కంపెనీవాడు ఆవిడ సంగతి ముందే విన్నట్టున్నాడు. వెనకవైపు వాలుగా దిగే వెడల్పాటి తలుపు, రెండువైపులా పట్టుకోడానికి కమ్మీలు. ఆవిడ చకచకా ఎక్కి కూర్చున్నారు.

"సీటు గట్టిగా ఉంది."

"అంటే, అత్తయ్యగారూ?"

"అంటే ఏమిటి? కొనుక్కో!"

వానలకి ముందే మొదటి విమానం కొండ మీంచి దిగింది. కాలికి కట్టుతో ఒక సిపాయి కమ్మీ పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా దిగాడు.

"నొప్పిగా ఉందా?" అన్నారు కల్నల్.

"లేదు సార్!"

కల్నల్ నా వైపు ఉరిమి చూశారు. అత్తగారు బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చారు.

"ఇలా కూర్చో నాయనా. నాకైతే ప్రాణం పోతోంది. నీకో?"

వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "నాకూ పోతోందమ్మా."

"మరి నాతో ఏడవలేదేంరా!" అని కల్నల్ వేసిన కేక కొండ మీది శిబిరం దాకా వినపడే ఉంటుంది.